యింటి సినిమాకు యెంత బలం కావాలి?

(తిరువాలంగాడు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణానికీ పులిహోరకూ నడుమ దొరికిన యీ కొద్ది సమయంలో, హోమ్ థియేటర్‌కు ఆంప్లిఫయర్ యెన్నుకోవడాన్ని గురించి చెప్పమన్నారు. పండుగనాడు యిదేమి విషయమని కొందరికి తోచవచ్చు. కాని మనం కూర్చున్న వూరు నటరాజస్వామి పంచసభలలో రత్నసభ. స్వామి పాదాల చెంత కూర్చుని తాళం వేసే కారైక్కాల్ అమ్మయ్యారును శిల్పాలలో చూస్తూనే వున్నాం. ఆ తాళంతో నాకు కొంచెం పని వున్నది.

అంతకన్న దగ్గర కారణం మరొకటి. మనలో కొందరు వుద్యోగాల కోసం యిటు వచ్చినవారు. మరికొందరి పెద్దలు వున్న యింట్లోనే వుండగా, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. యెలా వచ్చినవారమైనా, మన పిల్లల చదువు తమిళంలోనో యింగ్లీషులోనో సాగుతున్నది. వాళ్ల చెవిన తెలుగు పడేది మనం మాట్లాడినప్పుడు, ఆ తరువాత రాత్రిపూట సినిమా చూసినప్పుడు. ఆ సినిమాలో హోరు వినబడి మాట వినబడకపోతే, అంత డబ్బు పోసి మనం కొన్నది చప్పుడు మాత్రమే.

చుట్టూ శబ్దం వినిపించాలన్న ముచ్చట కొత్తది కాదు. 1940లో వాల్ట్ డిస్నీ 'ఫాంటేసియా'కు అమెరికాలో అలాంటి ఏర్పాటు చేశారు. తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రం 'సింహాసనం' 1986లో వచ్చింది. 1992 నుంచి డాల్బీ డిజిటల్ శబ్దం హాళ్లకు వచ్చి, పిమ్మట యిళ్లకు చేరింది. దానినే 5.1 అంటున్నారు. ముందు కుడి, యెడమ, మధ్య, ప్రక్కనో వెనుకనో రెండు, యివి అయిదు. ఆ చుక్క తరువాతి ఒకటి, గంభీరమైన అడుగు స్వరాలకు ప్రత్యేకించిన సబ్‌వూఫర్.

దుకాణంలో మొదట వినబడే మాట వాట్. 1990 ప్రాంతాలలో చిన్న టేప్‌రికార్డర్ పెట్టె మీద కూడా వేలకు వేలు పి.ఎం.పి.ఓ. వాట్లని అచ్చువేసేవారు. ఆ అంకెకు అర్థం లేదు. కాని దాని వంశం యింకా నశించలేదు. వొక చానల్‌కు మాత్రమే, వొకే స్వరం దగ్గర, పది శాతం వికారాన్ని సహించి కొలిచిన వాట్లను పెద్ద అక్షరాలలో వేసేవారున్నారు. మీరు అడగవలసినది: 8 ఓముల స్పీకర్ మీద, 20 నుంచి 20,000 హెర్ట్జుల వరకు, కనీసం రెండు చానళ్లు కలిసి పనిచేస్తుండగా యెన్ని వాట్లు? యీ వివరాలు చెప్పని అంకెను మరచిపోండి.

యిక్కడ చెవి స్వభావం తెలియాలి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లే. వినేవారికి అది కొద్ది తేడా. శబ్దం రెట్టింపైనట్లు తోచాలంటే సుమారు పది రెట్లు శక్తి కావాలి. కనుక 80 వాట్లదానికీ 100 వాట్లదానికీ వున్నది వొక్క డెసిబెల్. అందుకోసం వేలరూపాయలు యెక్కువ పెట్టడం నాకు సమ్మతం కాదు.

లెక్క చేసి చూద్దాం. వొక వాట్‌కు వొక మీటరు దూరాన 87 డెసిబెళ్లు యిచ్చే స్పీకర్ మామూలుగా దొరుకుతుంది. మూడు మీటర్ల దూరంలో సోఫా మీద కూర్చుంటే అది 78 దాకా తగ్గుతుంది; గోడలు కొంత తిరిగి యిస్తాయి, అది అదనం. మామూలు సంభాషణ 65, 70 లోపలే. అంటే తాతగారి మాటలకు వొక్క వాట్ కూడా ఖర్చు కాదు! మరి మిగిలిన వాట్లెందుకు? అమ్మయ్యారు తాళం కోసం. తాళం దెబ్బ, ఉరుము, డోలు, యివి క్షణమాత్రం పైకి లేచి పడతాయి. ఆ శిఖరం 95 చేరాలంటే, 78 మీద 17 డెసిబెళ్లు, అంటే 50 వాట్లు. పన్నెండు పదిహేను అడుగుల గదికి నిజమైన 50, 80 వాట్లు చాలుతాయి. శక్తి చాలని యంత్రాన్ని పూర్తిగా తిప్పితే ఆ శిఖరాలు నరికివేయబడి శబ్దం గరగరలాడుతుంది, స్పీకర్ లోని చిన్న ట్వీటర్ కాలిపోనూ వచ్చు. చిన్న ఆంప్లిఫయర్ స్పీకర్‌కు క్షేమమనుకోవడం పొరపాటు.

అయిదు చానళ్లకూ లోపల విద్యుత్తు సమకూర్చే మూలం సాధారణంగా వొక్కటే. అన్నీ వొకేసారి అడిగితే తలా కొంచెమే దొరుకుతుంది. వెనుక పలక మీద యెన్ని వాట్ల విద్యుత్తు పుచ్చుకుంటుందో రాసి వుంటుంది. పెట్టె మీద 7 చానళ్లు, ఒక్కొక్కటి 150 అని వుండి, పలక మీద 500 అని వుంటే, అది రుజువు కాదు గాని అనుమానించడానికి చాలు. ఓముల సంగతి: 4 ఓముల స్పీకర్ యెక్కువ ప్రవాహం లాగుతుంది. యంత్రం దానికి తట్టుకుంటుందని తయారీదారు రాసి వుంటేనే కలపండి.

సంభాషణలో యెక్కువ భాగం మధ్య స్పీకర్ నుంచే వస్తుంది. చాలామంది దాన్ని చిన్నదిగా కొని టీవీ కింద మూలకు తోస్తారు. కుడి యెడమలకు యెంత నాణ్యమో దానికీ అంతే వుండాలి. డబ్బు పరిమితమైతే వెనుకవి తరువాత కొనండి. ముందు మూడూ, సొంత ఆంప్లిఫయర్ గల సబ్‌వూఫర్ వొకటీ మంచివి కొనండి. 80 హెర్ట్జులకు కిందివి సబ్‌వూఫర్‌కు పంపితే ప్రధాన యంత్రానికి పెద్ద బరువు దిగిపోతుంది. మధ్య చానల్‌ను విడిగా పెంచే వీలూ, రాత్రివేళ హోరును అణచి మాటను పైకి తెచ్చే సదుపాయమూ వున్నవేమో చూడండి. చెవి మందగించిన అమ్మమ్మ వున్న యింట్లో అదనంగా రెండు చానళ్లు వుండడంకన్న యిదే మేలు.

మన గదుల విషయం కూడా. నేల మీద టైల్సు, పైన కాంక్రీటు, నున్నని గోడలు. ప్రతి మాటా రెండుసార్లు వినబడుతుంది. దీన్ని యే ఆంప్లిఫయరూ బాగుచేయదు. బరువైన కర్టెన్, నేల మీద జంపఖానా, పుస్తకాల బీరువా బాగుచేస్తాయి.

చివరిగా, అమెరికాలో వున్న పిల్లలు ప్రేమతో తెచ్చే ఆంప్లిఫయర్. అక్కడివి చాలావరకు 120 వోల్టులకు చేసినవి, మన గోడలో వున్నది 230. ప్లగ్ మార్చే చిన్న అడాప్టర్ ములుకుల ఆకారం మారుస్తుంది గాని వోల్టులను తగ్గించదు. స్విచ్ వేసిన క్షణంలో యంత్రం పోతుంది. తగిన సామర్థ్యం గల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వుండాలి, దాని బరువూ వెలా లెక్కవేసుకోవాలి. కనుక డబ్బు పంపమనండి, పెట్టె వద్దనండి. నాసిరకం యిన్వర్టర్ మీద నడిపితే గుయ్‌మనే మోత వస్తుంది, అదీ గుర్తుంచుకోండి.

కొనే ముందు దుకాణానికి మీకు కంఠస్థమైన తెలుగు సినిమా వొకటి తీసుకువెళ్లండి. వాళ్లు పేలుళ్లే వినిపిస్తారు, వద్దని చెప్పి సంభాషణ వున్న దృశ్యం పెట్టించండి, శబ్దం తగ్గించి వినండి. యింటికి తెచ్చాక అద్దాల షోకేసులో బంధించకండి. మన యెండలకు పైన జానెడు ఖాళీ వుండాలి.