చెర నేర్పిన చదువు

 

పట్టాలు అందించే ఇలాంటి వేదికల మీద విజేతల కథలు చెప్పడం ఆనవాయితీ. నేను మాత్రం పదిహేనేళ్లకు పైగా బందీగా బతికిన ఒక రాణి గురించి చెబుతాను.

ఆమె పేరు ఎలినార్. ఫ్రాన్స్ నైరుతిలోని అక్విటేన్ ఆమె పుట్టినగడ్డ. 1137లో తండ్రి చనిపోవడంతో ఆ సంపన్న సీమ ఆమె చేతికొచ్చింది. అదే ఏడు ఫ్రాన్స్ యువరాజు లూయీతో పెళ్లి. పెళ్లయిన కొద్దిరోజులకే మామగారు కన్నుమూయడంతో పదిహేనేళ్లు అటూ ఇటూగా ఉన్న ఆ పిల్ల రాణి అయింది. భర్త వెంట రెండో క్రూసేడు అనే మతయుద్ధానికీ వెళ్లింది. ఇద్దరూ ఆడపిల్లలే పుట్టారు, వారసుడు లేడు. దగ్గరి చుట్టరికమన్న సాకుతో 1152లో ఆ పెళ్లి చెల్లదన్నారు. రెండు నెలలు తిరిగేసరికి, అంతకన్నా దగ్గరి చుట్టమైన హెన్రీని చేసుకుంది! 1154లో హెన్రీ ఇంగ్లండ్ రాజవడంతో ఆమె అక్కడి రాణి అయింది.

1173లో కొడుకులు తండ్రి హెన్రీ మీద తిరగబడితే కొడుకుల వైపు నిలిచింది. మగవేషంలో తప్పించుకుపోతూ పట్టుబడి, భర్తకు బందీ అయింది. 1189లో హెన్రీ పోయేదాకా ఆమెకు విడుదల లేదు.

బయటికొచ్చేసరికి అరవై దాటాయి. కొత్త రాజు కావాల్సిన కొడుకు రిచర్డ్ పట్టాభిషేకానికి ఇంకా ఇంగ్లండ్ చేరనే లేదు. ఈలోగా ఊరూరా తిరిగి ఆమె చేయించిన పనుల్లో ఒకటి, జైళ్లలో మగ్గుతున్నవాళ్లను విడిపించడం. చెర ఎంత దుర్భరమో అనుభవించింది కాబట్టే ఆ పని చేసిందని నాటి చరిత్రకారుడు రాశాడు. ధాన్యం కొలతలూ బట్టల కొలతలూ దేశమంతా ఒకేలా ఉండాలని కూడా శాసించింది.

ఆమె దేవత కాదు. తర్వాత రిచర్డ్ జర్మనీలో బందీ అయితే, అతణ్ని విడిపించే సొమ్ము కోసం జనం ఆదాయంలో నాలుగో వంతు పిండారు. ఆ వసూళ్ల వెనక ఆమె కూడా ఉంది. అయినా 1189లో ఖైదీలను విడిపించిన ఆ ఒక్క పని చాలు, మనం నేర్చుకోవడానికి.

కష్టపడ్డవాళ్లందరూ దయగలవాళ్లవుతారన్నది వట్టి మాట. ‘నేను పడ్డాను, వాళ్లూ పడనీ’ అనేవాళ్లే ఎక్కువ. స్కాలర్‌షిప్పు కోసమో సర్టిఫికెట్టు కోసమో ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు మీలో ఎందరో ఉంటారు. రేపు ఆ కుర్చీలో మీరే కూర్చుంటారు. ఎదురుగా నిలబడ్డ మనిషిని ‘రేపు రా’ అనకండి. ఆ సంతకమేదో ఆ పూటే పెట్టండి.