కొలిమి వేడిమికి కోడిపొయ్యి

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘ వేదికపై ఇంతవరకు ప్రబంధములను గూర్చియు, పద్యనాటకములను గూర్చియు మంచి ప్రసంగములు జరిగినవి. కార్యదర్శిగారు నన్ను మాటలాడుమని కోరినపుడు అట్టి విషయమునే ఆశించియుందురు. నేను కళాశాలలో చదివినది చరిత్ర. చేయుచున్నది సచివాలయమున దస్త్రముల పని. అట్టివాడు కొలుములకు అమర్చు ఉష్ణవినిమయ ఫలకములను గూర్చి, అనగా కార్ఖానాలలో 'ప్యానెలు' అని పిలుచు వస్తువును గూర్చి, మాటలాడ పూనుకొనుట సాహసమే. కాని ఈ విషయమున నేనొక తప్పు చేసితిని. ఆ తప్పు నాకు నేర్పినదానిని మీతో చెప్పుకొనవలెనని ఈ విషయమును ఎన్నుకొంటిని.

మన పెద్దల వంటయిండ్లలో కోడిపొయ్యి యుండెడిది. పిన్నలు చూచియుండకపోవచ్చును గనుక చెప్పుదును. మట్టిపొయ్యి ప్రక్కనే మరియొక చిన్న పొయ్యి కట్టి, రెంటికిని లోపల దారి విడిచెడివారు. పెద్ద పొయ్యిలో కట్టెలు మండుచుండగా, అన్నపు గిన్నె అడుగును తాకి వెడలు సెగ ఆ దారిని పోయి చిన్న పొయ్యి మీది గిన్నెను కాచెడిది. నీళ్లు కాగుటకు వేరుగా కట్టె పెట్టనక్కరలేదు. "పోయే సెగకు పని చెప్పాలిరా" అని మా నాయనమ్మ అనెడిది. నేటి నా ప్రసంగమంతయు ఆ మాటకు వ్యాఖ్యానమే.

ఇనుప దిమ్మెలను సమ్మెటతో సాగగొట్టుటకు ముందు వానిని సుమారు 1200 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాచవలెను. కొలిమిలో ఇంధనము మండి, తన వేడిని ఇనుమునకిచ్చి, పొగగొట్టము వైపు మరలు వాయువు అప్పటికిని ఇంచుమించు 1000 డిగ్రీల వేడితో నుండును. ఈ లెక్కన మనము వెలయిచ్చి కొన్న ఇంధనపు శక్తిలో దాదాపు సగము ఆకాశమున కర్పణమగుచున్నది. మరియొక వైపున, ఇంధనము మండుటకు బయటి గాలిని లోనికి పంపవలెను. ఆ గాలి చల్లగా నుండును. మంట మొదట దానిని కాచుకొనవలెను. ఒక వాకిట వేడి వృథాగా పోవుచుండ, మరియొక వాకిట చలి లోనికి వచ్చుచున్నది. ఈ రెంటిని ఒక గోడకు ఇరువైపుల నడిపించి, పోవుదాని వేడిని వచ్చుదానికి ఇప్పించుటయే ఫలకము పని. గాలిని 400 డిగ్రీల వరకు కాచి పంపినచో, ఇట్టి కొలిమిలో సుమారు ఐదవ వంతు ఇంధనము మిగులును.

ఈ యుపాయము క్రొత్తది కాదు. స్కాట్లండు దేశమున ఇనుము కరగించువారు పూర్వము చల్లగాలియే మేలని నమ్ముచుండిరి; శీతకాలమున కొలిమి చక్కగా పనిచేయుటయే వారికి నిదర్శనము. గ్లాస్గో నగరపు గ్యాసు కార్ఖానాలో పనిచేయుచుండిన జేమ్స్ బోమాంట్ నీల్సన్ ఆ నమ్మకమును కాదని, గాలిని ముందుగా కాచి పంపు పద్ధతికి 1828లో పేటెంటు పొందెను. క్లైడ్ ఇనుప కార్ఖానాలో ఒక టన్ను ఇనుమునకు 1829లో సుమారు 8 టన్నుల బొగ్గు పట్టుచుండెను. గాలిని 300 ఫారన్‌హీట్ డిగ్రీలకు కాచి పంపిన పిమ్మట, 1830లో, అది సుమారు 5 టన్నులకు దిగెను. అయితే నీల్సను గాలిని కాచుటకు వాడిన పోత ఇనుప గొట్టములు పగులుచుండెడివి. ఆలోచన గెలిచినది గాని లోహము ఓడినది. ఈ మాటను గుర్తుంచుకొన కోరుచున్నాను. నా కథయు అదియే.

గొట్టములు నిలువకపోగా కొందరు ఇటుకలను ఆశ్రయించిరి. 1856లో ఫ్రెడరిక్ సీమెన్సు, 1857లో ఎడ్వర్డ్ కూపరు ఇటుకలు పేర్చిన గదులను కట్టు పద్ధతులకు పేటెంట్లు పొందిరి. కొంతసేపు వేడి వాయువును గదిలోనికి పంపి ఇటుకలను కాచుట, తరువాత దారి మార్చి అదే గదిలోనుండి చల్లగాలిని పంపి ఆ వేడిని తీసుకొనుట, ఇదియే వారి పద్ధతి. మైకేల్ ఫారడే 1862 జూన్ 20వ తేదీన లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో చేసిన కడపటి శుక్రవార ప్రసంగము ఈ సీమెన్సు కొలుములను గూర్చినదే. అంతటి మహనీయుడు తన తుది ప్రసంగమునకు పొగగొట్టమున పోవు వేడిని విషయముగా గైకొనెనని తెలిసినపుడు నాకును ధైర్యము కలిగెను.

ఇటుకల గదులకు చాల చోటు కావలెను. దారి మార్చు కవాటములు కావలెను. చిన్న కొలుములకు అది భారము. కావున మంచి ఉక్కు లభించిన పిదప మరల గొట్టములకే వచ్చిరి. ఉక్కు గొట్టములను వరుసలుగా పేర్చి, రెండు కొనలను రంధ్రములు తొలిచిన పలకలకు అతికి, ఒక ఫలకముగా చేసెదరు. గొట్టముల వెలుపల పొగ వాయువు, లోపల గాలి. చూచుటకు సులభమే. కాని దానిని రూపకల్పన చేయువాడు నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పవలెను.

మొదటిది, ఎంత ఉపరితలము కావలెను? నీటికి వేడినిచ్చుట సులభము. వాయువునుండి వాయువునకు వేడి తొందరగా పోదు. అందుచే గొట్టముల సంఖ్య పెంచియో, వానికి రెక్కలు అతికియో ఉపరితలమును పెంచెదరు. మరీ ఇరుకుగా పేర్చినచో పొగకు దారి చాలదు, మసి పేరుకొనును.

రెండవది, గాలిని ఏ దిక్కున నడుపవలెను? గాలి పొగకు ఎదురుగా నడచినచో ఎక్కువ వేడి దక్కును. కాని మిక్కిలి వేడియైన పొగయు, అప్పటికే కాగిన గాలియు ఒకే చోట కలియుటచే అచ్చటి గొట్టము మిక్కిలి కాలును. రెండును ఒకే దిక్కున నడచినచో దక్కు వేడి తక్కువ. కాని మండుచున్న పొగ తగులు చోట చల్లగాలి యుండి గొట్టమును కాపాడును.

మూడవది, ఏ వరుసకు ఏ లోహము? మామూలు ఉక్కు 500 డిగ్రీలు దాటినచో క్రమముగా పెచ్చులు కట్టి బలము కోల్పోవును. నూటికి 25 పాళ్లు క్రోమియము, 20 పాళ్లు నికెలు కలిసిన ఉక్కు 1000 డిగ్రీల వేడి పొగలోను పెచ్చులు కట్టక నిలుచును. దాని వెల చాల హెచ్చు. కావున పొగ మొదట తగులు వరుసలకు దానిని, వెనుకటి వరుసలకు తక్కువ వెల లోహమును వాడెదరు. చల్లని కొన యందును అపాయము లేకపోలేదు. ఇంధనమున గంధకమున్నచో, గొట్టము తగినంత వేడిగా లేనప్పుడు ఆమ్లము చెమ్మగా పట్టి లోహమును తినును.

నాలుగవది, పెరుగుదలకు చోటెక్కడ? 3 మీటర్ల స్టెయిన్‌లెస్ గొట్టము 600 డిగ్రీలు కాగినచో సుమారు 3 సెంటీమీటర్లు సాగును. అన్ని వరుసలు ఒకే కొలతగా సాగవు. కావున ఒక కొనను బిగించి, రెండవ కొనను కదలనిచ్చి, నడుమ ముడతల తిత్తివంటి బెల్లోస్ అమర్చవలెను.

తయారీలోను ఓర్పు కావలెను. పలకలోని ప్రతి రంధ్రము కొలతకు సరిపోవలెను. గొట్టపు కొనను తుడిచి, నూనె జిడ్డు లేకుండ చేసి, ఆర్గాన్ వాయువు రక్షణలో మొదటి వెల్డింగు వేయవలెను. రంగుద్రవము పూసి వెంట్రుకవాసి పగుళ్లను వెదకవలెను. కడపట గాలి నింపి, అతుకులకు సబ్బునీరు రాసి, బుడగ వచ్చునేమో చూడవలెను. వందలాది అతుకులలో ఒక్కటి కారినను, కాల్చుటకై పంపిన గాలి మంటను చేరక పొగగొట్టమున పోవును.

ఇక నా కథ. కొన్ని యేండ్ల క్రితము నేను వ్యయ పరిశీలన విభాగమున నుంటిని. ఒక కార్ఖానా వారు తమ కొలిమికి ఇట్టి ఫలకము కావలెనని ప్రతిపాదన పంపిరి. మొదటి వరుసలకు మేలు ఉక్కు, కొనలకు బెల్లోస్ కావలెనని ఇంజనీరు వ్రాసెను. ఆ రెండింటివలననే అంచనా పెరిగినది. నేను దస్త్రమున ఇట్లు వ్రాసితిని: "సాధారణ ఉక్కుతో సరిపుచ్చుకొనరాదా? బెల్లోస్ అత్యవసరమని కారణములు చూపబడలేదు." ప్రశ్నగా వ్రాసితిని గాని, మన కార్యాలయములలో అట్టి ప్రశ్నకు అర్థమేమో మీకు తెలియును. ఆ ఇంజనీరు ఒకసారి సమాధానము వ్రాసెను. దానిని నేను పూర్తిగా చదువలేదు. సంవత్సరాంతము సమీపించుచుండెను. వారు లొంగిరి. తక్కువ ధరకు ఫలకము వచ్చెను. ఆ యేడు నేను చేసిన పొదుపునకు పై అధికారి నన్ను మెచ్చుకొనెను.

తొమ్మిదవ నెలలో ఫలకము పాడయ్యెను. విచారణ సంఘముతో నేనును పోయితిని. చల్లారిన ఫలకమును బయటికి తీసి ఆవరణలో పెట్టియుండిరి. మొదటి వరుసల గొట్టములు పెచ్చులూడి, చేతితో తాకిన రాలుచుండెను. వెనుకటి గొట్టములు విల్లువలె వంగి, కొనలయొద్ద అతుకులు విడియుండెను. ప్రక్కన నిలిచియున్న ఒక ముసలి వెల్డరు నేను తెలుగువాడనని గ్రహించి దగ్గరకు వచ్చెను. ఆయన శ్రీకాకుళము వైపువాడు.

"బాబుగారూ, ఇనుం కాగితే పెరుగుతాది. పెరగడానికి సోటు లేకపోతే ఏటి సేస్తాది? ఇరుగుతాది" అనెను. మరల కొంత ఆగి, "ఇది ముందే సెప్పినారంట. ఎవరో కాయితం మీద కొట్టేసినారంట" అనెను.

ఆ కాగితము నాదని నేనాయనకు చెప్పలేకపోతిని.

కొలిమి 6 వారములు ఆగినది. నెలజీతగాండ్రకు జీతము వచ్చినది. దినకూలీలకు పని లేదు. నేను మిగిల్చిన సొమ్ము, వృథాయైన ఇంధనపు వెలకును, మరమ్మతునకును చాలలేదు. ఆ కూలీలు పోగొట్టుకొన్న దినములు ఏ పద్దులోను చేరలేదు. తిరిగి వచ్చిన పిదప క్రొత్త దస్త్రమున, మొదటి లోపము నా ప్రశ్నవలననే కలిగినదని వ్రాసి సంతకము చేసితిని. నన్నెవరును దండింపలేదు. ఇంజనీరుగారి మొదటి రూపకల్పన ప్రకారమే రెండవ ఫలకము చేయబడినది. కరెంటు పోయి పంకా ఆగినపుడు గొట్టములు కాలిపోకుండ పొగలో చల్లగాలి కలుపు ఏర్పాటు కూడ ఆయన చేర్చెను. దాని వెలను గూర్చి ఈసారి నేను అడుగలేదనుకొనకుడు. అడిగితిని, సమాధానమును కడవరకు చదివితిని. ఆ ఫలకము 5 యేండ్లు దాటినను పనిచేయుచున్నది.

మిత్రులారా, పోవు సెగకు పని చెప్పుట ఒక కార్ఖానా మాట మాత్రమే కాదు. 1992లో జాతికి అంకితమైన విశాఖపట్టణ ఉక్కు కర్మాగారమును తలచుకొనుడు. మామూలుగా ఎఱ్ఱగా కాగిన కోకు బొగ్గుపై నీరు చల్లి ఆర్పెదరు. ఆ వేడి ఆవిరిమబ్బుగా పోవును. విశాఖలో నీటికి మారుగా, మంటనంటని వాయువును కోకు నడుమ త్రిప్పి, ఆ వేడితో బాయిలరులో ఆవిరిని పుట్టించు పద్ధతిని చేపట్టిరి. మన దేశపు ఉక్కు కర్మాగారములలో ఈ పద్ధతికి అదియే మొదలు. అచ్చటను వేడిని పట్టునది బాయిలరులోని గొట్టముల వరుసలే.

ఇంధన పరిరక్షణకు 2001లో చట్టము వచ్చినది; 2002లో దానికై ప్రత్యేక సంస్థ ఏర్పడినది. అవి మేలు చేయుచున్నవి. కాని గొట్టపు గోడ ఎంత కాలునో చట్టమునకు తెలియదు. అది తెలిసినవాని మాట దస్త్రమున నిలుచునట్లు చూచుట మనవంటివారి పని. ఈ సభలో చాలమంది దినమంతయు కాగితములపై సంతకములు చేయువారమే. ధర కొన్ననాటి మాట. ఖర్చు వాడినన్నినాళ్ల మాట. ఒక పంక్తిని కొట్టివేయుటకు ముందు, అది వ్రాసినవానిని పిలిచి కూర్చుండబెట్టి, ఎందులకు వ్రాసెనో అడుగుడు. పది నిమిషములు చాలును.

మా నాయనమ్మ చదువుకొనలేదు. అయినను ఆమె పొయ్యిలో సెగ వృథా పోలేదు. ఆ దారికి ఎంత మందము మట్టి మెత్తవలెనో, ఎండినపుడు ఎచ్చట బీటలు వారునో ఆమెకు తెలియును. ఆమె తెలివికి నమస్కరించుచున్నాను.