కీళ్లవాతము – వానకాలపు టీకా



మన మూకండపల్లిలో ఆశ్వయుజ కార్తికముల వానలతోపాటు ఫ్లూ జ్వరమును వచ్చుచుండును. ఏండ్ల తరబడి కీళ్లవాతమునకు మందులు వాడుచున్న మాకు ఇది సామాన్య జ్వరము కాదు. ఆ మందులే దేహమునందలి రక్షణశక్తిని కొంత అణచును. అయినను టీకా వేయించుకొన్నచో కీళ్ల వాపు మరల రేగునేమోయని రెండేండ్లు వెనుకాడితిమి. పిరికితనమునే జాగ్రత్త యనుకొంటిమి! మూడవయేట మా పిల్లవాడు బడినుండి జ్వరము తెచ్చెను. పది దినములు మేము మంచము దిగలేదు.

పిమ్మట వైద్యుని అడిగి తెలిసికొంటిమి. సూదిద్వారా ఇచ్చు ఫ్లూ టీకాలో సజీవమైన క్రిమి యుండదు. అది ఫ్లూను కలిగింపజాలదు. ముక్కులో చల్లెడి టీకాలో బలహీనపరచిన సజీవక్రిమి యుండును గనుక మావంటివారికి తగదు. మెథోట్రెక్సేట్ వాడువారికి, వ్యాధి అదుపులోనున్నచో, సూది తరువాత రెండు వారములు ఆ మాత్రను ఆపుమని వైద్యులు చెప్పుట కలదు. వైద్యుడు చెప్పనిదే ఏ మందును ఆపరాదు. స్టెరాయిడ్లను హఠాత్తుగా మానుట మరింత ప్రమాదము.

క్రిమి ఏటేట రూపు మార్చుకొనును గనుక టీకాయు ఏటేట కావలెను. రక్షణ కుదురుటకు రెండు వారములు పట్టును. సర్కారువారి ఉచిత టీకాల పట్టికలో ఇది లేదు, ఖర్చు మనదే.

ఈ భాద్రపదమున మేము వేయించుకొంటిమి. రెండు దినములు భుజము నొచ్చినది. కీళ్లు ఊరకున్నవి.