కుక్కకు టీకా – ఇంటిల్లిపాదికీ రక్షణ

(పోచంపల్లిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పశుసంవర్ధక శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైనవాడిని. డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి పెద్దలు ఇంతసేపు మాట్లాడారు. మన ఇళ్ళలో పెరిగే కుక్కలకు, పిల్లులకు వేయించవలసిన టీకాల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

నా సర్వీసులో ఒక సంగతి గమనించాను. గాలికుంటు టీకాలు వేస్తున్నారని చాటింపు వేస్తే చాలు, బర్రెలూ ఆవులూ బారులు తీరేవి. గొర్రెల కాపరులు మందలు తోలుకొచ్చేవారు. కుక్కను పట్టుకొచ్చేవారు మాత్రం ఒకరిద్దరే. బర్రె చస్తే ఎంత నష్టమో అందరికీ తెలుసు. కుక్క పాలివ్వదు, సంతలో ధర పలకదు. అందుకే "దానికెందుకు సారూ సూది?" అనేవారు. అయ్యా, బర్రెకు వేసే టీకా బర్రెను కాపాడుతుంది. కుక్కకు వేసే రేబిస్ టీకా కుక్కతోపాటు ఆ ఇంటి పిల్లలను కూడా కాపాడుతుంది. నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

1980 దశకంలో, అప్పటి మన నల్లగొండ జిల్లాలోనే, ఒక నేత కుటుంబం వారు తమ పెంపుడు కుక్కను నా దగ్గరకు తెచ్చారు. "సారూ, గొంతుల బొక్క ఇరికింది, జర చూడుండ్రి" అన్నారు. కుక్క దవడ వేలాడుతోంది, చొంగ కారుతోంది, గొంతు మారింది. అది ఎవరినీ కరవలేదు. ఇంటాయన బొక్క తీద్దామని అప్పటికే దాని నోట్లో చెయ్యి పెట్టి చూశాడు. పిల్లలు దాని మూతి తుడిచి నీళ్ళు పట్టారు. పిచ్చికుక్క అంటే పరుగెత్తి కరిచేదే అనుకుంటాం. మూలన నిశ్శబ్దంగా పడివుండి, దవడ పడిపోయే రకం కూడా ఉంది. ప్రమాదం రెండింటిలోనూ ఒకటే.

కుక్క రెండు రోజుల్లో చచ్చిపోయింది. ఇంట్లో ఐదుగురు హైదరాబాదు నారాయణగూడలోని ఐ.పి.ఎం.కు వెళ్ళవలసి వచ్చింది. అప్పట్లో గొర్రె మెదడు నుంచి తయారుచేసిన టీకా ఉండేది. బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున 14 ఇంజెక్షన్లు. ఐదుగురికి లెక్క వేయండి, 70 అయ్యాయి. రెండు వారాలు ఇంట్లో మగ్గం ఆడలేదు. దేవుడి దయవల్ల అందరూ బతికారు. ఆ కుక్కకు సకాలంలో టీకా పడివుంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఆ పాత టీకాను మన దేశంలో 2004 చివరికి ఆపేశారు. ఇప్పుడు మనుషులకు నాలుగైదు విడతల్లో చేతికే వేస్తారు. అయినా ఈ జబ్బుకు భయపడవలసిందే. లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు ఈ రోజుకూ లేదు. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది రేబిస్‌తో చనిపోతున్నారని అంచనా. అందులో మూడో వంతుకు పైగా మన దేశంలోనే. మృతుల్లో నూటికి నలభై మంది 15 ఏళ్ళలోపు పిల్లలు. మనుషులకు సోకే రేబిస్‌లో దాదాపు అంతా కుక్కల ద్వారానే వస్తుంది. ఒక ప్రాంతంలో నూటికి డెబ్బై కుక్కలకు టీకా పడితే ఈ జబ్బు వ్యాప్తి ఆగిపోతుందని నిపుణులు చెబుతారు.

కుక్కపిల్లకు మూడో నెల నిండగానే రేబిస్ టీకా, నెల తర్వాత రెండోది, ఆపైన ఏటా ఒకటి వేయించాలి. రక్త విరేచనాలతో కుక్కపిల్లలను చంపే పార్వో జబ్బుకు, డిస్టెంపర్‌కు కలిపి వేసే టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులోనే మొదలుపెట్టాలి. టీకా మందును చల్లగా, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. షాపులో కొని జేబులో వేసుకుని తిరిగితే అది నీళ్ళతో సమానం.

పిల్లిని మరచిపోవద్దు. గంజి పెట్టిన నూలును ఎలుకలు కొరుకుతాయని మగ్గమున్న ఇళ్ళలో పిల్లిని సాకడం మనకు కొత్త కాదు. రాత్రిపూట అది ఎక్కడ తిరిగిందో, ఏ కుక్క దాన్ని పట్టిందో మనకు తెలియదు. దానికీ మూడో నెలలో రేబిస్ టీకా, పశువైద్యుడు చెప్పిన ప్రకారం తర్వాతివి వేయించాలి.

ఒకవేళ కుక్కో పిల్లో కరిచినా, రక్కినా, పుండును సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పావుగంట కడగండి. కారం, సున్నం, పసుపు, పసరు ఏదీ పెట్టవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. గాయం లోతుగా ఉంటే టీకాతోపాటు పుండు చుట్టూ వేసే సీరం కూడా అవసరం. కరిచింది పెంపుడు జంతువైతే పది రోజులు కనిపెట్టి చూడాలి, అంతవరకూ మన టీకా ఆపకూడదు. దానికి టీకా వేయించాం కదా అని డాక్టరుకు చూపించడం మానవద్దు.

1885 జూలై 6న లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ బాలుడికి మొదటిసారి ఈ టీకా వేయించాడు. ఆ రోజునే ప్రతి ఏడూ జూనోసిస్ దినంగా జరుపుతారు. ఆ సందర్భంగా పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. కొడుకులూ కోడళ్ళూ ఉద్యోగాలకు పరుగెత్తేవారు. తీరిక ఉన్నది మనకే. బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మనం ఎప్పుడైనా మరచిపోయామా? ఆ కాగితాల ఫైలులోనే కుక్క టీకా కార్డు కూడా పెట్టండి. ఒకటి చూసినప్పుడు రెండోది గుర్తుకొస్తుంది. మన వాకిట్లో అన్నం తినే వీధి కుక్క ఉంటే, దాని బాధ్యత కూడా మనదే అనుకుందాం.