కొనువానికి చెప్పవలసిన మొదటి మాట
(టెక్కలిలో జీడి రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సస్యశాస్త్రము బోధించువాడు ఎరువుల మోతాదు, అంట్ల ఎడము చెప్పవలెను గాని వెబ్‌సైటులో ఏమి వ్రాయవలెనో చెప్పుటేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. అయినను ఉద్దానములో నేను పోయిన ప్రతి ఊరిలోను పంట ఎట్లు పెంచవలెనను ప్రశ్న కంటె, పండినదానిని ఎట్లు అమ్ముకొనవలెనను ప్రశ్నయే ముందు వచ్చుచున్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటి మన జీడి, కొబ్బరి తోటలను నేల కూల్చినది. అటుపిమ్మట నాటిన అంట్లు మూడవ యేటనుండి కాపు మొదలిడి, ఇప్పుడు తోటలుగా నిలిచినవి. చెట్లు కొత్తవి. అమ్మకము మాత్రము పాత పద్ధతినే సాగుచున్నది.

మీ సంఘములలో చదువుకున్న కుర్రవాండ్రు కొందరు ఇంటర్నెట్టులో పప్పు అమ్మజూచుచున్నారు. మంచిదే. అట్టి పుటలు నేను ఒక సాయంకాలము కూర్చుండి చాల చూచితిని. అన్నిటను ఒకే పాట: “అత్యుత్తమ నాణ్యత”, “నమ్మకమునకు మారుపేరు”, “పలాస ప్రసిద్ధ జీడిపప్పు”. మీ పుటపై పేరును చేతితో మూసి, పొరుగువాని పేరు అక్కడ ఉన్నట్లు చదువుకొనుడు. వాక్యము అతనికిని సరిపోయినచో అది మీ మాట కాదు. పలాస–కాశీబుగ్గలలో జీడి పరిశ్రమలు రెండు వందలకు పైగా కలవు. అందరును ప్రసిద్ధులమే అన్నప్పుడు కొనువాడు ధర ఒక్కటే చూచును. ధరలో మీరు పెద్ద వర్తకునితో పోటీపడలేరు.

వర్తక శాస్త్రమున దీనికి “వాల్యూ ప్రపొజిషన్” అను పేరు కలదు. 1988లో అమెరికాలోని మెకిన్సీ సంస్థకు చెందిన లానింగ్, మైకేల్స్ అనువారు ఈ పేరును ప్రచారములోనికి తెచ్చిరి. పేరు గంభీరమైనదే గాని సంగతి మన సంతలో ఉన్నదే. ఎవరికి, ఏ మేలు, ఎంత ధరకు ఇచ్చుచున్నాము? ఇతరుల వద్ద కొనక మన వద్ద ఎందుకు కొనవలెను? దీనికి ఒకటి రెండు వాక్యములలో సూటిగా ఇచ్చు జవాబే అది.

మొదట “ఎవరికి” అన్నది తేల్చుకొనుడు. విశాఖపట్నములో మిఠాయి దుకాణము వాడు కాజూ కత్లీకి పప్పును పిండి చేయును. వానికి గుండు పప్పుతో పనిలేదు. తెల్లని బద్దలు, ముక్కలు, ప్రతి వారము తప్పక అందుట కావలెను. ఇంటి ఇల్లాలికి పాయసములో కనబడు గుండు పప్పు కావలెను. ఈ ఇద్దరికి ఒకే వాక్యము వ్రాసినచో ఇద్దరిలో ఎవరికిని తగులదు.

“ఏ మేలు” అన్నచోట అంకెలే మాటలాడవలెను. మన వద్ద డబ్ల్యు 240, డబ్ల్యు 320 అను రకములు చిన్నపిల్లలకు కూడ తెలుసును. హైదరాబాదులోని ఇల్లాలికి తెలియవు. పౌనుకు, అనగా 454 గ్రాములకు, 220 నుండి 240 పప్పులు తూగినది 240 రకము; 300 నుండి 320 తూగినది 320 రకము. లెక్క కట్టిన పావు కిలోకు మొదటిదానిలో ఇంచుమించు 121 నుండి 132, రెండవదానిలో 165 నుండి 176 పప్పులు వచ్చును. “పావు కిలోలో 132కు మించవు, లెక్కపెట్టి చూచుకొనుడు” అని వ్రాయుడు. “నాణ్యమైన పెద్ద పప్పు” అన్నదానికంటె ఈ మాట ఎంత బరువైనదో చూడుడు! తేమ నూటికి 5 పాళ్ళకు మించినచో పప్పు మెత్తబడి చెడును గనుక, ఒలిచిన నెల, ప్యాకెట్టు కట్టిన తేదీ కూడ తెలుపుట మంచిది.

ఇక కొంచెము చేదైన సంగతి. మన పిక్కలు మార్చి నుండి మే వరకు వచ్చును. కార్ఖానాలు ఏడాది పొడుగునా నడువవలెను. కావున ఆఫ్రికా దేశముల పిక్కలు కూడ పలాసలో ఒలువబడుచున్నవి. అది తప్పు కాదు. దానిని “ఉద్దానము తోటల పప్పు” అని అమ్ముటే తప్పు. నిజముగా మన తోటలో ఏరిన పిక్కల పప్పు అమ్మువానికి మాత్రము ఇదియే గొప్ప అదును. ఏ ఊరి తోట, ఏ నెలలో ఏరినది, ఎక్కడ ఒలిచినది అను మూడింటిని వర్తకుడు చెప్పలేడు, మీరు చెప్పగలరు. అరకు కాఫీని చూడుడు. మన్యపు గిరిజన రైతులు నీడలో పండించిన పంట అను కథను దాచక చెప్పియే 2017లో పారిస్ నగరమున దుకాణము తెరచినారు.

“ఉద్దానము” అను పేరు గురించి ఒక సోదరుడు నన్ను అడిగెను: ఆ పేరు వినగానే దూరపువారికి మూత్రపిండముల జబ్బు జ్ఞాపకము వచ్చును గదా, వ్రాయవచ్చునా అని. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆ వ్యాధి మన ఇండ్లలో ఉన్నది. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధనా కేంద్రము, ఆసుపత్రి తెరువబడినవి. కారణము ఇదియేనని శాస్త్రజ్ఞులు ఇంకను తేల్చలేదు. నా అభిప్రాయము: పేరు దాచవద్దు. అడిగినవానికి సూటిగా జవాబు చెప్పి, పప్పును ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఆ కాగితమును పుటపై ఉంచుడు. మా పప్పు ఫలానా రోగము కుదుర్చును అని మాత్రము ఎన్నడును వ్రాయకుడు.

పప్పు తీయక పిక్కలే అమ్మువారు తమకిది పట్టదనుకొనరాదు. మీకు కొనువాడు కార్ఖానాదారు. 80 కిలోల బస్తాలో నూటికి 25 వంతున 20 కిలోల పప్పు దిగును. 28 వంతున అయినచో 22 కిలోలు దాటును. ఆ రెండు కిలోలకు పైబడిన పప్పు మీ శ్రమ ఫలితమే. రాలిన పిక్కలనే ఏరి, పచ్చివి కోయక, రెండు మూడు దినములు ఎండబెట్టి, తాలు తీసివేసినవారు ఆ సంగతి ఎందుకు చెప్పరు? బస్తాకొక కిలో పిక్కలు కోసి చూపి, “ఇంత పప్పు దిగును, తగ్గినచో ధర తగ్గించుకొనుడు” అనగలిగిన సంఘముతో బేరము వేరుగా ఉండును.

ఒక హెచ్చరిక. విరిగిన పప్పు నూటికి 5 దాటిన డబ్బు వాపసు అని వ్రాయుటకు ముందు, ఆ వాపసు మీకు ఎంత పడునో లెక్క వేసుకొనుడు. దూరపు ఊళ్ళకు పోవు ప్యాకెట్టులో విరుగుడు తప్పదు. నేను మొదట ఒక సంఘమునకు నూటికి 2 అని వ్రాసి ఇచ్చితిని. రెండు నెలలలో వారు నా వద్దకు వచ్చి ఆ కాగితమును తిరిగి ఇచ్చివేసిరి. అట్లే అక్టోబరు, నవంబరులలో తుపాను భయముండును గనుక “మూడు దినములలో చేర్చెదము” అను మాట ఆ నెలలకు మార్చుకొనుడు.

ఇక చాలును. పప్పు వెంట తెచ్చినవారు ముందుకు రండు. బల్లమీద తక్కెడ ఉన్నది. ఒక్కొక్కరి పావు కిలో తూచి, లెక్కపెట్టి, ఆ అంకెతోనే మీ మొదటి వాక్యము ఇక్కడనే వ్రాయుదము.