నేల బాగుచేసే ఖర్చు ఎవరిది?

(బాంబూఫ్లాట్‌లో జరిగిన ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఫ్యాక్టరీ మూతపడిన నాడు మనం మొదట అడిగేది జీతం బకాయీలు, గ్రాట్యుయిటీ, ప్రావిడెంటు ఫండు. అది న్యాయమే. కాని యంత్రాలను వేలం వేసి యజమాని వెళ్ళిపోయిన తరువాత కూడా ఒక బకాయీ మిగిలిపోతుంది. అది నేలలో ఇంకిన విషం. ఆ బకాయీ చెల్లించవలసిన వారెవరన్నదే నేటి నా ప్రసంగ విషయం.

చాతం రేవు నుండి పడవ దాటి ఇక్కడికి వచ్చేవారికి ఈ దీవుల కలప పరిశ్రమ చరిత్ర చెప్పనక్కరలేదు. చాతం రంపపు మిల్లు 1883 నాటిది. ఆ తరువాత ప్లైవుడ్ ఫ్యాక్టరీలు వచ్చినవి. 2002 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులతో ఆ పరిశ్రమకు దుంగల సరఫరా నిలిచిపోయింది. అడవి దక్కింది, ఉద్యోగాలు పోయినవి. పాత ఫ్యాక్టరీ స్థలాల సంగతి మాత్రం చర్చకు రాలేదు. ప్లైవుడ్ జిగురులో ఫినాల్, ఫార్మాల్డిహైడ్ వాడతారు. కలపకు పురుగు పట్టకుండా పట్టించే మందులు కొన్నిటిలో ఆర్సెనిక్, క్రోమియం ఉంటాయి. చెక్క స్లీపర్లకు పట్టించిన క్రియోసోట్ ఘాటు పాత గ్యాంగుమెన్‌కు తెలిసిందే. ఇక్కడి ఫలానా స్థలం విషపూరితమని నేను ఆరోపించడం లేదు. పరీక్షించి నిజం చెప్పమని అడుగుతున్నాను.

"కలుషితం చేసినవాడే చెల్లించవలెను" అన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లోనే స్థిరపరచింది. రాజస్థాన్‌లోని బిచ్డీ గ్రామంలో రసాయన ఫ్యాక్టరీల మడ్డి బావి నీళ్ళను పాడుచేసిన కేసు అది. అయినా కంపెనీలు పిటిషన్ల మీద పిటిషన్లు వేస్తూ కాలం గడిపినవి. 2011లో కోర్టు రూ. 37 కోట్లకు పైగా మొత్తాన్ని చక్రవడ్డీతో సహా కట్టమని మళ్ళీ ఆదేశించవలసి వచ్చింది. పదిహేనేళ్ళు సూత్రం కాగితం మీద ఉన్నది, విషం నేలలో ఉన్నది.

భోపాల్ సంగతి చూడండి. 1984 నాటి దుర్ఘటన జరిగిన ఫ్యాక్టరీ ఆవరణ నుండి 337 టన్నుల విష వ్యర్థాలు కదలడానికి 2025 జనవరి వరకు పట్టింది. ఖర్చు కేంద్ర ఖజానా నుండి వచ్చింది. వ్యర్థాలను పీథంపూర్‌లో కాల్చారు. ఆవరణలోని నేల, నీరు ఇంకా శుద్ధి కావలసే ఉన్నవి.

2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం కలుషిత స్థలాల నిబంధనలను ప్రకటించింది. అనుమానమున్న స్థలాల జాబితాను స్థానిక సంస్థ లేక జిల్లా యంత్రాంగం ఆరు నెలలకొకసారి పంపవలెను. ప్రాథమిక పరిశీలన 90 రోజుల్లో ముగియవలెను. కలుషితం చేసినవాడు దొరకకపోయినా, చెల్లించలేకపోయినా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఖర్చు భరించవలెను. ఇది ముందడుగే. కాని శుద్ధి ముగించేందుకు గడువు పెట్టలేదు. నిబంధనలు వెలువడే నాటికి దేశంలో గుర్తించిన స్థలాలు 103; పని మొదలైనవి 7.

నిధి ఎక్కడిదన్నది అసలు ప్రశ్న. అమెరికా 1980లో ఇటువంటి నిధి నెలకొల్పి, చమురు, రసాయన పరిశ్రమలపై పన్ను విధించింది. 1995 చివర ఆ పన్ను ఆగిపోగా భారం క్రమంగా సామాన్య పన్నుదారుపై పడింది. 2021, 2022 చట్టాలతో పన్నును తిరిగి తెచ్చారు. మన దేశంలో 2010లో బొగ్గుపై టన్నుకు రూ. 50 సెస్సు విధించి, 2016 నాటికి రూ. 400 చేశారు. పర్యావరణం పేరుతో వసూలైన ఆ సెస్సును 2017లో జీఎస్టీ నష్టపరిహారంలో కలిపివేశారు. పేరు ఒకటి, వినియోగం మరొకటి అయితే ఏ నిధీ నిలువదు.

మిత్రులారా! ఈ దీవులకు శాసనసభ లేదు, రాష్ట్ర ఖజానా లేదు. కనుక రాష్ట్రం వాటా పేరుతో కేంద్రం ఇక్కడ తప్పుకొనడానికి వీలులేదు. భోపాల్ వ్యర్థాలను లారీలలో పీథంపూర్‌కు తరలించారు. ఇక్కడి నుండి ఎక్కడికి తరలిస్తారు? నాలుగు వైపులా సముద్రమే. 2004 డిసెంబరు భూకంపానికి దక్షిణ అండమాన్ నేల సుమారు మీటరు కుంగి, పల్లపు భూములు ఉప్పునీటి పాలైనవి. నేలలో ఉన్నది నీటిలోకి చేరడానికి ఇక్కడ దూరం తక్కువ.

కనుక మన కోర్కెలు ఇవి: మూతపడిన ప్రతి పరిశ్రమ స్థలంలో మట్టిని, నీటిని పరీక్షించి ఫలితాలను ప్రజల భాషలలో ప్రకటించవలెను. పరిశ్రమల నుండే వసూలు చేసి, మరో పనికి మళ్ళించరాని ప్రత్యేక నిధిని ఏర్పరచవలెను. ప్రభుత్వం ముందుగా ఖర్చు పెట్టినా, దోషి నుండి రాబట్టే హక్కును వదులుకొనరాదు. శుద్ధి పనిలో దిగే కాంట్రాక్టు కార్మికునికి రక్షణ సామగ్రి, వైద్య పరీక్ష, పూర్తి వేతనం ఇవ్వవలెను. రైల్వే షెడ్లలో చమురు ఇంకిన నేలకూ ఇదే నియమం వర్తించవలెను. మన సొంత శాఖను మినహాయించి ఇతరులను అడగడం ధర్మం కాదు.

ప్రతి శాఖా ఈ నెలలోనే తన పరిధిలోని పాత స్థలాల జాబితా తయారుచేసి జిల్లా అధికారికి అందజేసి, రసీదు తీసుకొనవలెనని కోరుతున్నాను. రసీదు విలువ తపాలా ఉద్యోగికి ఒకరు చెప్పనక్కరలేదు గదా!