అరచేతిలో ఆర్.సి.ఎల్. జీపు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"రిటైరయ్యాక ఏం చేస్తున్నావో అదే చెప్పు" అన్నారు కార్యదర్శి గారు. నేను చేసేది ప్లాస్టిక్ బొమ్మ బళ్లు. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే "మనవడికి ఇవ్వని ఆటబొమ్మలు". నేను ఈ.ఎమ్.ఈ.లో వెహికల్ మెకానిక్‌ని. ఇరవై ఏళ్లు పెద్ద బళ్ల కింద పడుకున్నవాణ్ణి, ఇప్పుడు చిన్న బళ్ల మీద వంగి కూర్చుంటున్నాను. అంతే తేడా.

ఇవాళ ఒక్క బండి సంగతే చెబుతాను. 1980ల మొదట్లో నన్ను ఎడారి వైపున్న ఒక ఇన్‌ఫాంట్రీ పల్టన్‌కు అటాచ్ చేశారు. అక్కడ 106 ఎమ్.ఎమ్. రికాయిల్‌లెస్ గన్ బిగించిన మహీంద్రా జీపులుండేవి. అందులో ఒకదాని డ్రైవర్ మన ప్రకాశం జిల్లా ఆయన. వయసులో పెద్దవాడు కాబట్టి తెలుగువాళ్లమంతా పెద్దన్న అనేవాళ్లం. ఆయన 2009లో పోయారు. 2018లో వాళ్లమ్మాయి మా ఇంటికొచ్చి, "బాబాయ్, నాన్న నడిపిన జీపు మా పిల్లలకు చూపించాలి, చేసిపెడతావా?" అని ఒక పాత నలుపు తెలుపు ఫోటో చేతిలో పెట్టింది. ఫోటోలో జీపు ఎడమ పక్క నిలబడి పెద్దన్న నవ్వుతున్నాడు.

ఆ జీపు మోడల్ తయారుగా నాకెక్కడా దొరకలేదు. దొరికింది టమియా వారి 1:35 విల్లీస్ ఎమ్.బి. కిట్, అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపు. మనది సీజే-3బీ. విల్లీస్ వాళ్లు 1953లో తెచ్చిన ఆ నమూనాను మహీంద్రా వాళ్లు దశాబ్దాల పాటు ఇక్కడ తయారు చేశారు. దూరం నుంచి రెండూ ఒకటే అనిపిస్తాయి. దగ్గరికొస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ కవలలు కావు. చక్రాల మధ్య దూరం రెండింటికీ 80 అంగుళాలే. మిల్లీమీటర్లలో 2032, దాన్ని 35తో భాగిస్తే 58. కాబట్టి ఛాసిస్ జోలికి పోనక్కర్లేదు. మా బండి లెఫ్ట్ హ్యాండ్ డ్రైవే కనుక స్టీరింగూ కదపలేదు.

పనంతా ముందు భాగంలోనే. సీజే-3బీ ఇంజన్‌లో ఇన్‌టేక్ వాల్వులు పైకి వచ్చాయి. దాంతో ఇంజన్ ఎత్తు పెరిగి, బానెట్టూ పెరిగింది. మా ఊళ్లో షెడ్డులో పడున్న పాత జీపు దగ్గరికి టేపు పట్టుకెళ్లి కొలిచాను. మోడల్‌లో దాదాపు 3 మిల్లీమీటర్లు లేపాల్సి వచ్చింది. బానెట్టును రంపపు బ్లేడుతో విడదీసి, కింద ప్లాస్టిక్ షీటు పట్టీలు అతికించి, పుట్టీ పెట్టి, నీటి ఎమెరీ కాగితంతో రుద్దాను. ఎమ్.బి. గ్రిల్లుకు తొమ్మిది చీలికలు, మనదానికి ఏడు. అందుకని కొత్త గ్రిల్లే కోశాను. మొదటి మూడూ చెత్తబుట్టలోకి పోయాయి.

గన్ ఇంకో సరదా. పేరుకు 106 గానీ అసలు బోర్ 105 మిల్లీమీటర్లే. అంతకు ముందున్న 105 గన్ గుండ్లతో కలిసిపోకూడదని అలా పేరు పెట్టారు. 105ను 35తో భాగిస్తే సరిగ్గా 3. ఇత్తడి గొట్టం తీసుకున్నాను. గన్ పొడవు 3.4 మీటర్లు, అంటే 97 మిల్లీమీటర్లు. జీపు చూస్తే 94. బండికంటే గన్ పొడుగన్నమాట! ముందు అద్దం ఫ్రేమును మధ్యలో చీల్చి గొట్టానికి దారి వదిలాను. పైన గురి చూసే చిన్న స్పాటింగ్ రైఫిల్ పెట్టాను. ఏంటెనాకు మిగిలిన ప్లాస్టిక్ కాడను కొవ్వొత్తి మీద వేడిచేసి వెంట్రుకలా లాగాను.

రంగు దగ్గర ఒక మాట. డబ్బాలోని ఆలివ్ గ్రీన్ ఉన్నదున్నట్టు కొడితే చిన్న బొమ్మ మీద నల్లగా కనిపిస్తుంది. కొంచెం తెలుపు కలిపి తేలిక చేయాలి. నంబరు ప్లేటు మీద ముందు బాణం గుర్తు, తర్వాత సంవత్సరం అంకెలు రెండూ సన్న కుంచెతో రాశాను.

అంతా అయ్యాక అమ్మాయిని పిలిచాను. తళతళలాడుతోంది బండి. ఆమె చుట్టూ తిరిగి చూసి, "బాగుంది బాబాయ్. కానీ నాన్న బండికి కుడి మడ్‌గార్డు నొక్కుకుపోయి ఉండేదట కదా? ఆ సొట్ట వల్లే పట్టీ ఆలస్యమైందని అమ్మ చెప్పేది" అంది.

ఫోటోలో కుడి పక్క కనబడదు. నాకు మాత్రం ఫోటో అక్కర్లేదు. 1983లో ఆ సొట్ట పెట్టింది నేను. బ్రేకులు చూస్తానని బండి తీసి, ఎం.టి. పార్కు గేటు స్తంభానికి కొట్టాను. నాకు డ్రైవింగ్ పర్మిట్ లేదు. "కొత్తగా వచ్చినవాడివి, నోరు మూసుకో, నేను చూసుకుంటా" అన్నాడు పెద్దన్న. ఆయనకు ఏడు రోజులు పిట్టూ, రావలసిన లాన్స్ నాయక్ పట్టీ వెనక్కి. నేను నోరు మూసుకునే ఉన్నాను. ఆయన పోయేదాకా, పోయాక కూడా.

ఆ రోజు అమ్మాయికి చెప్పేశాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే సొట్ట సరిగ్గా ఎక్కడుందో నీకే బాగా తెలుసు. పెట్టు బాబాయ్" అంది.

మడ్‌గార్డును లోపలి నుంచి ఆకురాయితో పలచన చేసి, వేడి చెంచా కాడతో నొక్కాను. మొదటిసారి చేయి వణికి మొత్తం కరిగిపోయింది. మళ్లీ షీటుతో కొత్త మడ్‌గార్డు కోసి, రెండోసారి నొక్కాను. అసలు సొట్ట అరచేయంత. ఇక్కడ మూడు మిల్లీమీటర్లు. అంచున రంగు లేచిన చోట చిన్న తుప్పు చుక్క పెట్టాను.

బండి అమ్మాయిదే. ఇవాళ్టికి అడిగి తెచ్చాను, సాయంత్రం తిరిగివ్వాలి. అదిగో, ఆ వెనక బల్ల మీద ఉంది. కుడి వైపు నుంచి చూడండి. ఏంటెనా మాత్రం ముట్టుకోకండి, ఇప్పటికి రెండుసార్లు విరిగింది.